ఆరో గుర్రం

బుల్లెమ్మ ఎడమ ముందుకాలు ఎత్తి రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకోగానే లాడాల మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. గిట్ట వేడిగా తగిలింది. ఇంకా ఎండ పొడ లాయంలోకి రానే లేదు. కుడికాలి గిట్టను అరచేత్తో పట్టుకుని చూశాడు, చల్లగా ఉంది. మళ్ళీ ఎడమకాలి దగ్గరికి వచ్చి మడమ పైన రెండు వేళ్ళు ఆనించాడు. నాడి గబగబా కొట్టుకుంటోంది.

"ఎప్పట్నించి అక్కా?" అని తలెత్తకుండానే అడిగాడు.

దాణక్క గుర్రం తల దగ్గర పగ్గం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. పాతికేళ్ళుగా పొద్దున్నే దాణా బకెట్లతో లాయమంతా తిరుగుతుంది కనక చిన్నా పెద్దా అందరికీ దాణక్కే. బుల్లెమ్మను సాకేది ఆవిడే. ఆ గుర్రానికీ కాగితాల మీద నోరు తిరగని పేరొకటి ఉంది. వచ్చిన కొత్తలో బక్కచిక్కి మేకపిల్లలా ఉందని దాణక్క దాన్ని బుల్లెమ్మ అని పిలిచింది. ఇప్పుడది వరసలో అన్నిటికంటే ఎత్తు. పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

"మంగళవారం పరుగు నించి వచ్చాక కాలు ఆనించీ ఆనించనట్టు పెడుతోంది," అంది దాణక్క. "చన్నీళ్ళ గుడ్డ చుడుతున్నా."

"ట్రెయినరుకి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా?"

మేస్త్రి పాత లాడం ఊడదీశాడు. వంచిన మేకుల మొనలు ఒక్కొక్కటే సుత్తితో లేపి, పట్టకారుతో లాగాడు. ఆరు మేకులూ ఒళ్ళోని తోలు ఏప్రాను మీద పడ్డాయి. అడుగుభాగం మట్టి గీకి, చెక్కుకత్తితో పలచగా ఒక పొర తీశాడు. పెద్ద పట్టకారు తెచ్చి గిట్టను రెండు పక్కలా పట్టి, చుట్టూ ఒక్కోచోటే నొక్కుకుంటూ వచ్చాడు. ముందు అంచు దగ్గర ఏమీ లేదు. బయటి వైపుకి రాగానే బుల్లెమ్మ కాలు విసిరికొట్టింది. ఆ ఊపుకి మేస్త్రి వెనక్కి వెళ్ళి గోడకి తగిలాడు. దాణక్క గుర్రం మెడ మీద చెయ్యి వేసి ఏదో గొణిగింది.

అప్పుడే ట్రెయినరు వచ్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గర నలభై గుర్రాలుండేవి. ఇప్పుడు పదకొండు. ఖాళీ గదుల్లో గడ్డి మోపులు, విరిగిన చక్రాల బండ్లు పెట్టించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మాత్రం మానలేదు.

"ఎలా ఉంది?"

"శనివారం దీన్ని పరిగెత్తించకండి సార్. లోపల ఎముకకి ఏదో అయినట్టుంది. ఎక్స్‌రే ఫోటో తీయిస్తే మంచిది."

ట్రెయినరు కాసేపు ఆ కాలు వంకే చూశాడు. ఆయనకి తెలియదని కాదు. గుర్రాల మధ్యే పెరిగిన మనిషి.

"మూడో పందెంలో ఎన్ని గుర్రాలున్నాయో తెలుసా మేస్త్రీ? దీంతో కలిపి ఆరు. ఐదైతే బయట ఊళ్ళల్లో పందేలు కట్టే షాపుల్లో మన పందెం చూపించరట. రేసు మైదానం మేనేజరు నిన్న రెండుసార్లు ఫోను చేశాడు. గెలవక్కర్లేదు, గేటులోంచి బయటపడి చివరిదాకా వస్తే చాలంటాడు."

"చివరిదాకా రాకపోతే?"

ట్రెయినరు చొక్కా మడత సర్దుకున్నాడు. "కింద తోలు ముక్క వేసి కొట్టు. నడక సర్దుకుంటుంది," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ మైదానంలో లాడాలు కొట్టడమే మేస్త్రి పని. తోలు వేసి కొట్టడం కొత్తేమీ కాదు. మెత్తటి తోలు గిట్ట కొలతకి కోశాడు. పందెం రోజుకి వేసే తేలిక అల్యూమినియం లాడాన్ని ఇనప దిమ్మ దాగలి మీద పెట్టి రెండు దెబ్బలు వేసి అంచు సరిచేశాడు. తోలు, పైన లాడం పెట్టి, మేకు మొన బయటికి తిరిగేలా పట్టుకుని నెమ్మదిగా కొట్టాడు. మేకు సరైన చోట దిగుతుంటే గట్టి చప్పుడు వస్తుంది. తప్పుదారి పడితే ఆ చప్పుడు మెత్తబడుతుంది. ఆ తేడా కోసం చెవి ఒగ్గి ఒక్కో మేకూ దించాడు. మొనలు వంచి, ఆకురాయితో నునుపు చేసి కాలు కింద పెట్టాడు.

దాణక్క బుల్లెమ్మను వాకిట్లో అటూ ఇటూ పరిగెత్తించింది. నాలుగు కాళ్ళూ ఒకే లెక్కన పడ్డాయి.

"చూశావా? నీ చేతిలో ఏదో మహిమ ఉందయ్యా," అని ట్రెయినరు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఏప్రాను విప్పకుండానే కొలిమి పక్కన చాలాసేపు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో బావమరిది వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒళ్ళు నడుం దాకా గిన్నెలు కడిగే తొట్టి కింద ఉంది, కాళ్ళు మాత్రం బయట కనిపిస్తున్నాయి. కొళాయిల పని చేస్తాడతను. మేస్త్రి భార్య టార్చిలైటు పట్టుకుని పక్కన కూర్చుంది.

"అక్కా, మీ కొళాయి కూడా మీ రేసు మైదానం లాగే తయారైంది. నీళ్ళు రావు గానీ గురగురా చప్పుడు మాత్రం చేస్తుంది," అన్నాడు తొట్టి కిందనించే.

"నోరు మూసుకుని పని చెయ్యరా," అంది ఆవిడ. పందేల టికెట్లు అమ్మే హాల్లో ఆమె ఉద్యోగం. పన్నెండు కిటికీల్లో పది మూసేశారు. మిగిలిన రెండింటిలో ఒకటి ఆమెది. పక్క కిటికీ అమ్మాయితో కబుర్లు చెప్పుకోవాలంటే మధ్యలో ఎవరైనా టికెట్టు కోసం వచ్చి అడ్డుపడతారన్న భయం లేదిప్పుడు.

మేస్త్రి పీట లాక్కుని కూర్చున్నాడు. ఈ బావమరిది ఒకప్పుడు, తన పెళ్ళి రేసు రోజున పెట్టారని పిల్లనిచ్చిన మామగారితో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో, దాని తల్లి తడినేల మీద ఎలా పరిగెత్తేదో అడిగితే నిద్రలో కూడా చెప్పేవాడు. మైదానం గుమ్మం తొక్కి రెండేళ్ళయింది.

"శనివారం ఒకసారి రాకూడదూ?" అన్నాడు మేస్త్రి.

బావమరిది బయటికి జరిగి, చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి చూపించాడు. తెర మీద బొమ్మ గుర్రాలు పరిగెడుతున్నాయి. "ఇదిగో బావా. మూడు నిమిషాలకో పందెం. వీటికి జ్వరాలు రావు, జాకీలతో పేచీలు ఉండవు, వాన పడి నేల చిత్తడి కాదు."

"అందులో చూడ్డానికి ఏముందిరా?"

"ఏమీ లేదు. టీ చల్లారే లోపు అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఇవీ మొహం మొత్తాయి." ఫోను బోర్లా పెట్టాడు. "అయినా నేను మైదానం మానింది వీటి కోసం కాదు. రెండేళ్ళ కిందట మా అమ్మాయిని తీసుకొచ్చాను, గుర్తుందా?"

"గుర్తులేకేం? నా కిటికీ దగ్గరికొచ్చి తెల్ల గుర్రం మీద కట్టమంది," అంది అక్క.

"ఆ తెల్ల గుర్రమే పడింది. మలుపు దగ్గర. నలుగురు పచ్చ పరదా పట్టుకుని పరిగెత్తారు. అదెందుకు నాన్నా అంటే, మనం చూడకుండా అడ్డం పెడతారమ్మా అన్నాను. చూడ్డానికే కదా వచ్చాం అంది." అతను రెంచీ చేతిలోకి తీసుకుని, దాని మర తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంటికెళ్ళాక ఇంకోటి అడిగింది. దాని కాలు బాగోలేదని ముందే ఎవరికీ తెలీదా అని. తెలిసుండదు, తెలిస్తే ఎందుకు పరిగెత్తిస్తారు అని చెప్పాను." మర తిప్పడం ఆపి, "తెలీదు కదా బావా?" అన్నాడు.

మేస్త్రి చేతులు కడుక్కుందామని లేచాడు. కొళాయి తిప్పితే ఒక్క చుక్క రాలేదు.

"ఒక్కోసారి తెలీదు," అన్నాడు అటు తిరిగే.

బావమరిది మళ్ళీ తొట్టి కిందకి జరిగాడు. భార్య మాత్రం టార్చిలైటు పట్టుకున్న చెయ్యి కదపకుండా మేస్త్రి వీపు వంకే చూస్తూ ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చింది. మర్నాటి పందేల్లో ఉన్న ప్రతి గుర్రాన్నీ నడిపించి, పరిగెత్తించి, కాగితం మీద టిక్కు పెట్టడం ఆమె పని. వయసులో చిన్నది, అందరూ డాక్టరమ్మ అంటారు. ఈ ఉద్యోగానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

బుల్లెమ్మ వంతు వచ్చింది. దాణక్క పగ్గం పట్టుకుని పరిగెత్తింది, గుర్రం పక్కన తలెత్తుకుని చక్కగా వెళ్ళి వచ్చింది. డాక్టరమ్మ కాళ్ళ వెంట చెయ్యి జార్చి చూసింది. పొద్దున్నించీ మంచుగడ్డల బకెట్టులో నిలబెట్టిన కాలు చల్లగానే ఉంది. ఆమె పెన్ను తీసింది.

"అమ్మా," అన్నాడు మేస్త్రి. "ఆ ఎడమకాలి లాడం ఒకసారి తీయించండి."

"ఎందుకండీ?"

ట్రెయినరు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. "మేస్త్రీ!" అన్నాడు మెల్లగా.

"దాని కింద తోలుంది. నేనే వేశాను," అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ ట్రెయినరు వంక చూసి, మళ్ళీ మేస్త్రి వంక చూసి, "తీయండి" అంది. నిన్న కొట్టిన మేకుల్నే మేస్త్రి లాగాడు. ఆమె తనే వంగి పట్టకారుతో గిట్ట నొక్కింది. బుల్లెమ్మ వెనక్కాళ్ళ మీద లేచినంత పని చేసింది. గంట తర్వాత పెట్టె లాంటి యంత్రం తెప్పించి ఫోటో తీశారు. గిట్ట లోపలి ఎముకకి వెంట్రుకంత చీలిక ఉంది.

"కదలకుండా ఉంచితే ఆరు నెలల్లో అతుక్కుంటుంది. రేపు పరిగెత్తి ఉంటే మాత్రం రెండు ముక్కలయ్యేది," అంది డాక్టరమ్మ. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపింది. "చాలా మంచి పని చేశారండీ."

ట్రెయినరు కేకలు వేయలేదు. జనం వెళ్ళాక షెడ్డు గుమ్మంలో నిలబడి, "ముప్ఫై ఏళ్ళల్లో నీకు ఇవాళే గుర్తొచ్చిందా?" అని మాత్రం అడిగాడు.

ఆరో గుర్రం తప్పుకుందని తెలియగానే ఇంకొకాయన తన గుర్రాన్నీ వెనక్కి తీసుకున్నాడు. చీకటి పడకముందే మూడో పందెం రద్దు చేశారు.

శనివారం భార్యాభర్తలిద్దరూ కలిసే మైదానానికి వెళ్ళారు. దారంతా మేస్త్రి అదే ఆలోచించాడు. పందెం ఎందుకు లేదని జనం అడుగుతారు, గొడవ చేస్తారు, మేనేజరు తన పేరు చెబుతాడు. ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు. కాలు విరిగేదండీ, మీ కళ్ళ ముందే విరిగేది, అని.

రెండో పందెం అయ్యాక మైకులో ప్రకటించారు. "అనివార్య కారణాల వల్ల మూడవ పందెం రద్దు చేయడమైనది." మేస్త్రి గ్యాలరీ మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. వేలమంది పట్టే మెట్ల మీద ఓ యాభై మంది చెదురుమదురుగా కూర్చుని ఉన్నారు. ఒకాయన మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న దిండ్ల మీద కూర్చుని ఎవరి ఆపరేషను గురించో మాట్లాడుకుంటున్నారు. ఒక ఆడమనిషి పిల్లవాడి చొక్కాకి బొత్తాం పెడుతోంది. ప్రకటన రెండోసారి చదివారు. ఎవరూ తలెత్తలేదు. మైకులో పాట వేశారు.

నలభై నిమిషాలు ఖాళీ మైదానం మీద ఎండ కాసింది. పావురాలు వచ్చి పచ్చిక మీద వాలాయి.

మేస్త్రి టికెట్ల హాల్లోకి వెళ్ళాడు. భార్య కిటికీ వెనక గడ్డానికి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఎవరైనా గొడవ చేశారా?"

"ఒకాయన వచ్చాడు."

"ఏమన్నాడు?"

"మరుగుదొడ్డి ఎటు అన్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడకి నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "మీరు అన్నం తినకుండా రెండ్రోజుల్నించి దీని కోసమేనా?" అంది.

నాలుగో పందెం మొదలైనప్పుడు గ్యాలరీ కప్పు కింది స్పీకర్లలోంచి ఒక్కసారిగా వేలమంది అరుపులు వినిపించాయి. షాపుల్లో చూసేవాళ్ళకి బోసిగా ఉండకూడదని మేనేజరు ఎప్పటివో పాత కేకల రికార్డు వేయించాడు. గుర్రాలు మలుపు తిరుగుతుంటే ఈలలు, చప్పట్లు హోరెత్తాయి. పేపరు కప్పుకున్నాయన ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కప్పుకున్నాడు.

సోమవారం పొద్దున ట్రెయినరు మేస్త్రిని గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ చూపించలేదు.

"డాక్టరమ్మ కాగితం బుల్లెమ్మ యజమానికి పంపించాను. ఆరు నెలలు తిండి పెట్టి నిలబెట్టడం తన వల్ల కాదన్నాడు. రేపు లారీ వస్తుంది. పొద్దున్నే వచ్చి లాడాలు ఊడదియ్యి."

ఆ లారీ ఎక్కడికి వెళ్తుందో అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. దాన్లో ఎక్కిన గుర్రం మళ్ళీ ఏ లాయంలోనూ కనపడదు.

"ఆరు నెలలే కదా సార్. బాగవుతుందని డాక్టరమ్మ చెప్పింది."

"ఆరు నెలల తర్వాత ఇక్కడ పందేలు ఉంటాయని ఎవరైనా రాసిస్తారా? ఉన్న గుర్రాలే ఆరు దొరకడం లేదు." ఆయన కిటికీలోంచి వాకిలి వంక చూశాడు. "పరిగెత్తి ఉంటే నాకు నెల వ్యవధి దొరికేది. సంతానానికో, స్వారీ నేర్పే బడికో ఎవరికో ఒకరికి అంటగట్టేవాణ్ణి. కాలు విరిగిందని ఫోటోతో సహా రాసిచ్చాక ఎవరు తీసుకుంటారు?"

మేస్త్రి ఆ రోజు పనిలో చెయ్యి పెట్టలేదు. స్వారీ నేర్పే బడికి ఫోను చేశాడు. కుంటి గుర్రమా అని అడిగి పెట్టేశారు. బావమరిది తనకి తెలిసిన పాలడెయిరీ ఆయన్ని అడిగాడు. ఆయన గుర్రం పాలివ్వదు కదా అని నవ్వాడట. డాక్టరమ్మ దగ్గరికి స్వయంగా వెళ్ళాడు. ఆమె రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటోంది. విషయం విని గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేను... ఇలా అవుతుందని అనుకోలేదండీ," అంది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. సాయంత్రానికి ఆమెకి తిరిగి ఫోను చేసేవాళ్ళు కూడా లేకపోయారు.

మంగళవారం వెళ్ళేసరికి దాణక్క బుల్లెమ్మకి మాలీషు చేస్తోంది. పందెం రోజు చేసినట్టే మెడ నుంచి తోక దాకా గుండ్రంగా రుద్దుతోంది. మేస్త్రి ఏప్రాను కట్టుకుని కుడి ముందుకాలు ఎత్తాడు.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అంది దాణక్క.

"అదేంటక్కా. ఆ కాలు చూస్తూ..."

"చూస్తూనే ఉన్నా. నీకంటే రెండ్రోజులు ముందే చూశా. గుడ్డ చుట్టాను, నీళ్ళు పోశాను. నోరు మూసుకున్నాను. శనివారం పరిగెత్తేది, అందరికంటే వెనక వచ్చేది. ఆదివారం నించి మళ్ళీ చుట్టుకునేదాన్ని. అలా ఎన్నింటిని నెట్టుకొచ్చానో నీకేం తెలుసు?"

"పడిపోయుంటే?"

"పడితే పడేది. నా చేతుల్లో పోయేది. ఇప్పుడు ఎవడి చేతుల్లో పోతుందో చెప్పు."

మేస్త్రి తల వంచుకుని మేకులు లాగాడు. మూడు కాళ్ళ లాడాలూ పెద్దగా అరగలేదు. ఎడమ ముందుకాలికి శుక్రవారం తీసింది మళ్ళీ వేయలేదు. లాడం తీసిన గిట్ట అంచులు గరుకుగా ఉంటాయి, నిలబడితే పెచ్చులు లేస్తాయి. ఆకురాయి తీసుకుని ఒక్కో గిట్టనీ చుట్టూ గుండ్రంగా నునుపు చేశాడు. చీలిక ఉన్న కాలిని ఒళ్ళో పెట్టుకుని బరువు దాని మీద పడకుండా చాలా నెమ్మదిగా రాశాడు.

లారీ మనిషి బీడీ వెలిగించుకుని చూస్తున్నాడు. "ఎందుకన్నా ఇంత నగిషీ పని? ఎక్కడికి పోతుందో తెలీదా నీకు?"

"దారంతా నిలబడే కదా వెళ్ళాలి," అన్నాడు మేస్త్రి.

బుల్లెమ్మ లారీ ఎక్కనంది. వాలుగా పెట్టిన చెక్క మీద ముందుకాలు పెట్టి వెనక్కి తీసుకుంది. లారీ మనిషి కర్ర అందుకున్నాడు. దాణక్క వెళ్ళి అతని చేతిలోంచి కర్ర లాగి అవతల పారేసింది. పగ్గం తను పట్టుకుని, గుర్రం వంక చూడకుండా, ఏదో పని మీద వెళ్తున్నట్టు ముందు తనే లారీ ఎక్కింది. బుల్లెమ్మ కుంటుకుంటూ ఆమె వెనకే ఎక్కింది. దాణక్క లోపల కట్టేసి, కిందకి దిగి, చీర కుచ్చెళ్ళకి అంటిన గడ్డి దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ఖాళీ అయిన గది కడగడం మొదలుపెట్టింది.

ఆ గదిలోకి బుధవారమే ఇంకో గుర్రం వచ్చింది. వేరే ఊళ్ళో మైదానం మూసేస్తే అక్కణ్ణించి పంపించారు. ముదురు గోధుమ రంగు మగ గుర్రం, వయసు మళ్ళింది. సాకడం దాణక్కకే అప్పగించారు. గురువారం లాడాలు కొట్టడానికి వంగినప్పుడు మేస్త్రి దాని కుడి వెనకకాలి నరం వేలికి తాడులా లావుగా తగలడం గమనించాడు. కాలు కింద పెట్టేశాడు. ఏమీ అనలేదు. దాణక్క కూడా ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం భార్య ఏం జరిగిందని అడిగితే, పని ఎక్కువైందన్నాడు.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. వాకిట్లో నిలబడి ఉన్న అందరినీ దాటుకుని ముందు మేస్త్రి దగ్గరికే వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర పోయినట్టు లేదు.

"పోయిన వారం మీరు చెప్పకపోతే నేను సంతకం పెట్టేసేదాన్ని," అంది. "అందుకే ఇకనించి మిమ్మల్ని అడిగాకే పెడతాను. దీని సంగతేంటండీ?"

గోధుమ రంగు గుర్రం తల దించుకుని నిలబడి ఉంది. దాణక్క దాని జూలు దువ్వుతోంది. ఆమె చెయ్యి ఆగలేదు, తల తిప్పలేదు. ట్రెయినరు గుమ్మం స్తంభానికి ఆనుకుని తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"బాగానే ఉందమ్మా," అన్నాడు మేస్త్రి.

"వెనక కాళ్ళు?"

"అన్నీ బాగానే ఉన్నాయి. నేనే కదా లాడాలు కొట్టింది."

డాక్టరమ్మ అతని మొహంలోకి చూసింది. నమ్మడానికి ఆమెకి అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. కాగితం మీద టిక్కు పెట్టి, "థాంక్సండీ" అని, పక్క గుర్రం దగ్గరికి వెళ్ళింది.

శనివారం మూడో పందెంలో ఆరు గుర్రాలు పరిగెత్తాయి. మేస్త్రి చూడ్డానికి వెళ్ళలేదు. షెడ్డు తలుపు దగ్గరగా వేసుకుని పీట మీద కూర్చున్నాడు. మైకులో వ్యాఖ్యాత గొంతు పెద్దది చేసి గుర్రాల పేర్లు ఒకదాని వెంట ఒకటి చెబుతున్నాడు. మలుపు వచ్చింది. ఆఖరి తిన్నని దారి వచ్చింది. గీత దాటిన వరసలో ఒకటి, రెండు, మూడు అని చదివాడు. నాలుగోది చదివాడు. ఐదోది చదివాక ఆగాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. తలుపు చెక్కని పట్టుకున్నాడు.

"...చాలా వెనకగా, నింపాదిగా, ఆరోది కూడా వచ్చేస్తోంది," అని వ్యాఖ్యాత నవ్వుతూ దాని పేరు చెప్పాడు.

మేస్త్రి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. దాణక్క ఆ గుర్రాన్ని నడిపించుకుంటూ షెడ్డు ముందునించే వెళ్ళింది. కుడి వెనకకాలు ఈడుస్తోంది. ఆమె దాని పక్కనే, అది ఆగిన చోటల్లా ఆగుతూ, అది కదిలితే కదులుతూ నడుస్తోంది. చూసేవాళ్ళకి ఇద్దరూ అలసిపోయి మెల్లగా వస్తున్నారనిపిస్తుంది.

వెనకే వచ్చిన ట్రెయినరు తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు.

"మేస్త్రీ, వచ్చే శనివారం కూడా ఐదే ఉన్నాయట. దీన్నే పెడదాం. గురువారం కాస్త పెందలాడే రా."

"అలాగే సార్," అన్నాడు మేస్త్రి.